కొడైకెనాల్ సరస్సు చుట్టు నడక: పాలమూరు, నల్లగొండ దిక్కు నుంచి పెద్దోళ్లను తీస్కపోయేటోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్ల పొద్దుగాల్ల చెరువు కట్ట మీద నడిచేటప్పుడు, పెండ్లిళ్లల్ల, ఫోన్లల్ల నన్ను అందరు అడిగేది ఇదే: "మీ అమ్మను మోకాళ్ల నొప్పులతోటి కొండ మీదికి ఎట్ల తీస్కపోయినవ్, నడిచిందా?" నడిచింది. ఒక్కొక్కరికి చెప్పుడు కంటే అన్నీ ఒక్క దగ్గర రాసి పెడితే అయిపాయె అని రాస్తున్న. మీ ఇంట్ల పెద్దోళ్లు ఉంటే, వీల్‌చైర్ల ఉండేటోళ్లు ఉంటే, చిన్న పిల్లలు ఉంటే ఇది మీకోసమే. ట్రెక్కింగ్ షూస్ ఏస్కొని గుట్టలు ఎక్కే పోరగాండ్లకు ఇది అక్కరకు రాదు, వాళ్లకు వేరే దార్లు ఉన్నయి.

అసలు ఈ సరస్సు ఏడుంది, ఎంత పెద్దది?

తమిళనాడుల దిండిగల్ జిల్లా, పళని కొండల మీద. కొడైకెనాల్ ఊరు సముద్ర మట్టం నుంచి దగ్గర దగ్గర 2,100 మీటర్ల ఎత్తుల ఉంటది, మన మహబూబ్‌నగర్ 500 మీటర్లు అనుకోండి, అంటే నాలుగింతలు పైన. సరస్సు సుమారు 60 ఎకరాలు. నక్షత్రం లెక్క మూలలు మూలలుగ ఉంటది అందుకే 60 ఎకరాలే అయినా చుట్టు తిరిగితే 5 కిలోమీటర్లు వస్తది, ఒక మూల తిరిగినంక ఇంకో మూల, అవతలి ఒడ్డు కండ్ల ముందే ఉంటది గని చేరుడు మాత్రం తొందరగ కాదు. కొత్తోళ్లు ఈడనే మోసపోతరు, "ఇగో వచ్చేసింది" అనుకుంట నడుస్తనే ఉంటరు.

ఇది దేవుడు పెట్టిన సరస్సా, కట్టిందా?

కట్టిందే. 1863ల వెర్ హెన్రీ లెవింజ్ అని మదురై కలెక్టర్‌గ చేసినాయన, వాగుకు అడ్డం కట్ట ఏపిచ్చి నీళ్లు ఆపిండు. మన పానగల్లు ఉదయసముద్రం కందూరు చోడుల కాలంల ఎట్ల కట్టిన్రో ఇది కూడ అదే పని, కాకపోతే మన చెరువు పొలాలకు, ఇది సోకుకు. పడవ కూడ తూత్తుకుడి నుంచి ఆయనే తెప్పిచ్చిండంట. ఇంకో ముచ్చట, మనం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఊరు ఇంకో 8 కిలోమీటర్లు ఉందనంగ సిల్వర్ కాస్కేడ్ అని జలపాతం కనపడతది, అందరు బండ్లు ఆపి ఫోటోలు దిగుతరు, ఆ నీళ్లు ఈ సరస్సుల నుంచి పొర్లి వచ్చినయే. మన భాషల చెప్పాలంటే సరస్సు అలుగు దుంకిన నీళ్లు. ఎండకాలం పోతే సన్నటి దార, వానలు పడ్డంక పోతే మస్తు ఉంటది.

నడిచే దారి ఎట్లుంటది? మెట్లున్నయా, ఎక్కుడు దిగుడు ఉందా?

ఇదే అసలు ప్రశ్న. సరస్సు అంచు పట్టుకొని చుట్టూ తారు రోడ్డు ఉంది, లేక్ రోడ్ అంటరు. మెట్లు లేవు. చదునుగనే ఉంటది, ఆడాడ కొంచెం వాలు వస్తది గని ఆయాసం వచ్చేంత కాదు. నీళ్ల దిక్కు చాలా దూరం రెయిలింగ్ ఉంది, కొన్ని చోట్ల పేవర్ బ్లాకుల ఫుట్‌పాత్ ఉంది. చెట్ల నీడ ఎక్కువ. బోట్ హౌస్ దిక్కు అంతా దుకాణాలు, గుర్రాలు, సైకిళ్లు, లొల్లి లొల్లి ఉంటది, అక్కడి నుంచి ఒక కిలోమీటరు జరిగితే సప్పుడు తగ్గుతది, అవతలి ఒడ్డుకు పోయేసరికి పక్షుల సప్పుడు, అప్పుడప్పుడు ఒక కారు, అంతే.

గని ఒకటి గుర్తు పెట్టుకోండి, ఇది వట్టి నడిచేటోళ్ల దారి కాదు. బండ్లు తిరుగుతయి, సైకిళ్ల మీద కాలేజీ పోరగాండ్లు ముగ్గురు ముగ్గురు పక్కపక్కన వస్తరు, గుర్రాలు వస్తయి. చదును అని చెప్పి పెద్దోళ్లను వదిలేసి మనం సెల్ఫీలు దిగుకుంట పోతే కాదు.

అసలు కష్టం సరస్సు దగ్గర కాదు, సరస్సు దాకా వచ్చే దారి. బస్టాండు, బజారు పైన ఉంటయి, సరస్సు కింద. వచ్చేటప్పుడు దిగుడే కదా అని హుషారుగ నడిచి వస్తరు, మోకాళ్లకు దిగుడే ఎక్కువ దెబ్బ, ఆ తర్వాత చుట్టు తిరిగి అలిసిపోయినంక మళ్ల ఆ ఎక్కుడు ఎక్కాలె. అందుకే రూం నుంచి సరస్సు అంచు దాకా టాక్సీ మాట్లాడుకోండి, తిరిగి పోయేటప్పుడు కూడ టాక్సీలనే. ఆ పైసలు దగ్గర పిసినారితనం చేస్తే తెల్లారి మంచం దిగరు.

మొత్తం ఒక చుట్టు తిరగడానికి ఎంత సేపు పడతది?

మనలాంటోళ్లు గట్టిగ నడిస్తే గంట, గంటంపావు. పెద్దోళ్లతోటి అయితే రెండున్నర గంటలు పెట్టుకోండి, కూసునుడు, చాయ్ తాగుడు, గుర్రాన్ని చూసుడు అన్నీ కలిపి. మూడు గంటలైనా ఏం కొంపలు మునగవు.

నేనైతే పెద్దోళ్లకు చుట్టు మొత్తం తిరగాలని చెప్పనే చెప్పను. చాలామంది ఈడ పంతానికి పోతరు, "ఇంత దూరం వచ్చినం, చుట్టు పూర్తి చెయ్యకపోతే ఎట్ల" అని, ఇదేమన్న గుడి చుట్టు ప్రదక్షిణమా సగంల ఆపితే దోషం తగలనీకె? చుట్టు తిరిగే దారితోటి చిక్కు ఏందంటే సగం కాడికి పోయినంక ముందుకు పోయినా ఎనుకకు వచ్చినా ఒక్కటే దూరం. అందుకని ఒక కిలోమీటరు, ఒకటిన్నర పోయి ఎనుకకు మళ్లుడు మంచిది. తెల్లారి ఇంకో దిక్కు నుంచి ఇంకో కిలోమీటరున్నర. రెండు రోజులల్ల సరస్సు చాలా మటుకు చూసినట్టే, మోకాళ్లు కూడ మన మాట ఇంటయి. మా అమ్మ అట్లనే నడిచింది, మొదటి రోజు ఒక బెంచీ చూసుకొని "ఇది నాది" అని కూసుంది, మా పిన్నోళ్లు ముందుకు పోయి వచ్చేదాక ఉడకబెట్టిన పల్లీలు వొలుచుకుంట గుర్రాలను చూస్తనే ఉంది. పల్లీల జిల్లా నుంచి వచ్చి ఈడ కూడ పల్లీలేనా అంటే, మన పల్లీలకు ఇవి సరిరావు గని ఉప్పు మంచిగ పట్టింది అన్నది.

ఏ దిక్కు నుంచి మొదలు పెట్టాలె?

సరస్సు మీ కుడి చెయ్యి దిక్కు ఉండేటట్టు నడవండి. ఎందుకంటే మన దేశంల బండ్లు ఎడమ దిక్కు పోతయి, మీరు నీళ్ల అంచుకు, అంటే రోడ్డు కుడి అంచుకు నడిస్తే ఎదురుంగ వచ్చే బండి మీ కండ్లకు కనపడతది. సరస్సు ఎడమకు పెట్టుకొని నడిస్తే బండ్లన్నీ ఎనుక నుంచి వస్తయి, చెవులు సరిగ వినపడని పెద్దోళ్లకు అది డేంజర్. రద్దీ రోజులల్ల పోలీసులు వన్ వే చేస్తే దాన్ని బట్టి చూసుకోండి.

వీల్‌చైర్ తోటి పోవచ్చా?

పోవచ్చు, తోసేటోళ్లు ఉంటే. ఒక్కళ్లే చేత్తో చక్రాలు తిప్పుకుంట చుట్టు మొత్తం పోవుడు కష్టం. తారు రోడ్డు కాబట్టి చక్రాలు మంచిగనే తిరుగుతయి, ఇబ్బంది పెట్టేవి ఏందంటే స్పీడ్ బ్రేకర్లు, ఫుట్‌పాత్ ఎక్కే దగ్గర అంచు, వాన పడితే గుంతలల్ల నీళ్లు, గుర్రాల పేడ (నవ్వకండి, చక్రానికి అంటి చేతికి అంటుతది, తడి బట్ట ఒకటి సంచిల పెట్టుకోండి). ఎనుక చక్రాలు పెద్దయి ఉన్న కుర్చీ తీస్కపోండి, హాస్పిటల్లల్ల వాడే నాలుగు చిన్న చక్రాల కుర్చీ ఈడ గడగడ కొట్టుకుంటది, నడుము పోతది. బయలెల్లే ముందే ఇంటి దగ్గర బ్రేకులు చూసుకోండి. వాలు దిగేటప్పుడు కుర్చీని ఎనుకకు తిప్పి, మీరు కింద ఉండి దించాలె. ఇది ఫిజియోథెరపీ చేసేటోళ్లు ఎవరైనా నేర్పిస్తరు, ఇంట్ల ర్యాంపు మీద రెండు సార్లు చేసి చూసుకోండి.

కుర్చీల కూసున్నోళ్లకు మనకంటే చలి ఎక్కువ పెడతది, మనం తోసి తోసి చెమటలు కారి స్వెట్టర్ ఇప్పుతం, వాళ్లు కదలరు కదా, వాళ్ల కాళ్ల మీద శాలువ కప్పండి.

మోకాలు ఆపరేషన్ అయినోళ్లు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నోళ్లు పోవచ్చా?

మోకాలు మార్చుకున్నోళ్లు డాక్టరు నడవమన్నంక చదును దారే కాబట్టి ఇది మంచి నడకే. చేతికర్ర తీస్కపోండి, మామూలుగ వాడకపోయినా సరే. గుర్రం ఎక్కించకండి, ఎక్కుడు దిగుడు వాళ్లతోటి కాదు.

ఎత్తు సంగతి: ఎత్తుకు వచ్చే తలనొప్పి, వాంతులు మామూలుగ 2,500 మీటర్లు దాటినంకనే మొదలైతయి, కొడైకెనాల్ దానికంటే తక్కువే, ఆరోగ్యంగ ఉన్నోళ్లకు ఏం కాదు. కాకపోతే గాలి ఒత్తిడి సముద్ర మట్టం కాడ ఉండేదాంట్ల ఐదింట నాలుగు వంతుల కంటే కొంచెం తక్కువ ఉంటది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నోళ్లకు ఆ తేడా తెలుస్తది, పోయే ముందు మీ డాక్టరును అడిగే పోండి, స్టెంట్ ఏసి కొన్ని వారాలే అయితే ఈసారికి ఆగండి. ఎక్కిన రోజే నడక పెట్టుకోకండి. ఆ రోజు రూంల పండుకొని వేడి నీళ్లు తాగి తెల్లారి నడవండి.

చాలామందికి వాంతులు అయ్యేది ఎత్తుకు కాదు, ఘాట్ రోడ్డు మలుపులకు. వత్తలగుండు దిక్కు నుంచి ఎక్కినా పళని దిక్కు నుంచి ఎక్కినా మలుపులే మలుపులు. ముందు సీట్ల కూసోబెట్టండి, ఫోన్ చూడనియ్యకండి, కడుపు నిండ పూరీలు తినిపిచ్చి ఎక్కియ్యకండి, మాత్ర ఏసేదుంటే మలుపులు మొదలయ్యే అరగంట ముందే ఎయ్యాలె, వాంతి మొదలైనంక ఏస్తే అది కూడ బయటికే వస్తది.

షుగర్ ఉన్నోళ్లకు ఒక మాట. చలికి దాహం తెలవదు, ఆకలి మాత్రం దబ్బున అయితది. నడక మధ్యల కండ్లు తిరిగితే అది ఎత్తు అనుకొని ఊకోకండి, షుగర్ పడిపోయి ఉండొచ్చు. జేబుల చాక్లెట్టు, బిస్కట్లు ఉండాలె.

ఎప్పుడు పోతే మంచిది?

మనోళ్లు అందరు చేసే లెక్క తప్పు ఈడనే ఉంది. మనకు వానకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబర్, దసరా నాటికి వానలు తగ్గినట్టే, కాబట్టి దసరా సెలవులల్ల, దీపావళికి పోదాం అనుకుంటరు. ఆడ ఉల్టా. తమిళనాడుకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాక ఉంటయి, కొడైల గట్టి వానలు అక్టోబర్, నవంబర్లనే. ఘాట్ రోడ్ల మీద మట్టి జారుతది, చెట్లు పడతయి. సెలవులు ఉన్నయి కదా అని అప్పుడు పోతే రూం కిటికీల నుంచి వాన చూసుకుంట కూసోవాలె.

ఏప్రిల్, మే నెలలల్ల మన దగ్గర 42, 43 డిగ్రీలు ఉంటే ఆడ మధ్యాహ్నం కూడ 20 డిగ్రీల అటు ఇటు. హాయిగ ఉంటది గని జనం జాతర. పెద్దోళ్లతోటి, వీల్‌చైర్ తోటి ఆ రద్దీల రోడ్డు మీద నడుసుడు నాకైతే ఇష్టం లేదు. తప్పదు పిల్లల సెలవులు అప్పుడే అంటే మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి.

నన్ను అడిగితే సంక్రాంతి అయిపోయినంక, జనవరి ఆఖరు నుంచి మార్చి దాక. రాత్రి చలి ఉంటది, డిసెంబర్ జనవరిల 8 డిగ్రీల దాక పడతది, గని పగలు ఎండ కొట్టి ఆకాశం నీలంగ ఉంటది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు గాలి, పొగమంచు, అప్పుడప్పుడు వాన, జనం తక్కువ. చలికి ఓర్చుకునేటోళ్లకు అది కూడ మంచిదే.

రోజుల ఏ టైముకు నడవాలె?

పొద్దుగాల్ల ఆరున్నర, ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు. నీళ్ల మీద నుంచి పొగ లేస్తుంటది, గుర్రాలోళ్లు అప్పుడే గుర్రాలను తోలుకొని వస్తుంటరు, దుకాణాలు సగం తెరిచి ఉంటయి. పదకొండు దాటితే టూరిస్ట్ వ్యాన్లు దిగుతయి. మధ్యాహ్నం తర్వాత కింద మైదానాల వేడెక్కిన తడి గాలి కొండ ఎక్కి మబ్బు అయితది, మూడు నాలుగు గంటలకు ఏం కనపడకుండ కప్పేస్తది. మబ్బు కూడ అందమే గని రోడ్డు మీద ఎదురుంగ వచ్చే కారు కనపడకపోతే అందం ఏం చేసుకుంటం. పొద్దు గూకినంక నడవకండి, ఇంకో కారణం కింద రాసిన.

అడవి జంతువులు ఉంటయా?

అడవి దున్నలు ఉంటయి. నిజంగనే ఊర్లెకు వస్తయి, రోడ్ల మీద, బంగళాల తోటలల్ల మేస్తుంటయి, ముఖ్యంగ చీకటి పడ్డంక, తెల్లారకముందు. చూస్తే మన బర్రె లెక్క సాధువుగ నిలబడి ఉంటది, కాళ్లకు తెల్ల సాక్సులు తొడిగినట్టు ఉంటది, దాన్ని చూసి ఫోటో కోసం దగ్గరికి పోకండి. పల్లెటూర్లల్ల పుట్టినోళ్లకు పశువుల భయం ఉండదు, అదిలిస్తే పోతది అనుకుంటరు, అదిలిస్తే పోయేది కాదు అది, మనుషులు చచ్చిపోయిన్రు కూడ. కనపడితే దూరంగ ఆగి, అది పోయేదాక ఉండి అప్పుడు కదలండి. కోతులు మామూలే, చేతిల కవర్ కనపడితే గుంజుకుంటయి.

ఎట్ల పోవాలె మన దిక్కు నుంచి?

సొంత బండి ఉంటే దారి అడగనే అక్కర లేదు, మన జడ్చర్ల, పెబ్బేరు మీంచి పోయే 44 నంబర్ హైవేనే కర్నూలు, అనంతపురం, బెంగళూరు, కృష్ణగిరి, సేలం, కరూర్ మీదుగ దిండిగల్ దాక పోతది. దిండిగల్ దాటినంక ఘాట్ దిక్కు మళ్లాలె. జడ్చర్ల నుంచి దగ్గర దగ్గర 950 కిలోమీటర్లు. ఒక్క గుక్కల పోకండి, బెంగళూరు దాటి హోసూర్ల గాని సేలంల గాని రాత్రి పండుకోండి. ఘాట్ రోడ్డు పగలే ఎక్కాలె.

రైలుకు అయితే మహబూబ్‌నగర్, గద్వాల దిక్కోళ్లు కాచిగూడ నుంచి వచ్చే రాత్రి రైలు ఎక్కి బెంగళూరుల దిగి, ఆడి నుంచి మదురై దిక్కు పోయే రైలు పట్టుకోవాలె. కోడై రోడ్ అని స్టేషన్ ఉంది, పేరు చూసి ఊర్ల దిగినం అనుకోకండి, ఆడి నుంచి కొండ మీదికి ఇంకో 80 కిలోమీటర్లు. రైలు ఆడ ఆగకపోతే దిండిగల్‌ల దిగి టాక్సీ. నల్లగొండ, మిర్యాలగూడ దిక్కోళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, కోయంబత్తూరుల దిగి పళని మీదుగ కొండ ఎక్కొచ్చు. పెద్దోళ్లు ఉంటే నేనైతే ఈ దారికే ఓటు ఏస్త, ఎందుకంటే పళని మురుగన్ దర్శనం కూడ అయితది. ఆ గుడికి దగ్గర దగ్గర 700 మెట్లు ఉన్నయి గని ఎక్కనక్కర లేదు, 1966 నుంచి వించ్ (పట్టాల మీద తాడుతోటి పైకి గుంజే బండి) ఉంది, 2004ల రోప్ కార్ కూడ వచ్చింది.

ఈ-పాస్ అని అంటున్నరు, అదేంది?

మద్రాస్ హైకోర్టు చెప్పినంక 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు బయట బండ్లు పోవాలంటే ఈ-పాస్ ఉండాలె. తమిళనాడు ప్రభుత్వం వెబ్‌సైట్‌ల ఫోన్ నంబర్, బండి నంబర్, తారీఖు, ఎంతమంది అని నింపితే వస్తది. 2025 ఎండకాలంల కొడైకి రోజుకు 4,000 బండ్లు, శని ఆదివారాలు 6,000 అని లెక్క పెట్టిన్రు, అంటే ఆఖరి నిమిషంల అడిగితే దొరకకపోవచ్చు, తారీఖు ఖాయం కాంగనే తీసి పెట్టుకోండి. మీరు మాట్లాడుకున్న టాక్సీ అయినా పాస్ తీసిండా లేదా డ్రైవర్‌ను అడగండి.

గుంపుగ పెద్ద టూరిస్ట్ బస్సు మాట్లాడుకునేటోళ్లు ఇది మస్తు జాగ్రత్తగ చదవండి: 12 మీటర్లకు మించి పొడుగున్న బస్సులను 2024 నవంబర్ నుంచి ఆ ఘాట్ రోడ్డు ఎక్కనిస్తలేరు. మన దిక్కు ట్రావెల్స్‌ల పెద్ద బస్సులు కొన్ని అంతకంటే పొడుగుంటయి, మాట్లాడుకునే ముందే పొడుగు అడగండి. పొడుగు ఎక్కువైతే కింద ఆపి చిన్న వ్యాన్లల్లకు మారాలె, సామాను, ముసలోళ్లు, మళ్ల పైసలు. మొదట్నే మినీ బస్సు మాట్లాడుకుంటే ఆ గోల ఉండదు.

నీళ్ల బాటిళ్లు తీస్కపోనిస్తలేరంట?

ఔ, 5 లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు, కూల్‌డ్రింక్ బాటిళ్లు కొండ మీద నిషేధం, చెక్‌పోస్ట్ కాడ చూస్తరు, దొరికితే ఒక్కో బాటిల్‌కు 20 రూపాయలు. స్టీలు బాటిల్ తీస్కపోండి. ఫ్లాస్క్ అయితే ఇంకా మంచిది, పెద్దోళ్లకు మధ్య మధ్యల వేడి నీళ్లు పొయ్యొచ్చు. హోటళ్లల్ల "సుడు తన్ని" అని అడిగితే వేడి నీళ్లు ఇస్తరు.

సరస్సు నీళ్లల్ల దిగొచ్చా? చేపలు పట్టుకొని వండుకోవచ్చా?

దిగకండి, లోతు ఉంటది, అడుగు బురద. చేపల సంగతి ఏందంటే, ఆ ఊర్ల థర్మామీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండె, పాదరసం బయట పడేసిన్రని లొల్లి అయి 2001ల మూతపడ్డది. ఆ తర్వాత చేసిన పరీక్షలల్ల సరస్సు నీళ్లల్ల, చేపలల్ల కూడ పాదరసం కనపడ్డది. ఒడ్డు మీద నడిచేటోళ్లకు దాంతోటి ఏం కాదు. నేనైతే ఆ చేపలు తినను, అంతే.

పడవ ఎక్కొచ్చా పెద్దోళ్లు?

ఎక్కొచ్చు. పెడల్ బోటు వద్దు, మోకాళ్లు మడిచి తొక్కుడే కదా. తెడ్లేసేటాయన ఉండే పడవ మాట్లాడుకోండి. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు పడవ ఊగుతది, అప్పుడు ఇద్దరు పట్టుకోవాలె. పొద్దుగాల్ల జనం లేనప్పుడు అడిగితే వాళ్లు కూడ ఓపికగ ఎక్కిస్తరు.

గుర్రాలోళ్లు, సైకిళ్లోళ్లు ఎనుక పడతరా?

పడతరు. వద్దు అంటే పోతరు. ఎక్కేదుంటే ఎంత దూరం, ఎన్ని పైసలు అని ఎక్కక ముందే తేల్చుకోవాలె, "ఒక రౌండు" అంటే మనం సరస్సు చుట్టు అనుకుంటం, ఆయన ఆ మూల దాక అనుకుంటడు, దిగినంక పంచాయితీ.

ఏం బట్టలు, చెప్పులు?

అడుగు గట్టిగ పట్టే బూట్లు. మన పెద్దోళ్లు హవాయి చెప్పులతోటే ఎక్కడికైనా పోతరు, ఈడ రోడ్డు తడిగ ఉంటది, జారుతయి. ఆడోళ్లు చీర కుచ్చిళ్లు కొంచెం పైకి కట్టుకుంటే తడవయి. స్వెట్టరు ఒక్కటే లావుది కాకుండ పలుచటివి రెండు ఏసుకోండి, నడుస్తుంటే ఒకటి ఇప్పొచ్చు. చెవులు కప్పే టోపీ గాని మఫ్లర్ గాని తప్పదు. చలి ఉంది కదా అని ఎండను లెక్క చెయ్యరు, పైకి పోయిన కొద్ది ఎండల ఉండే అతినీలలోహిత (యూవీ) కిరణాలు పెరుగుతయి, ప్రతి 1,000 మీటర్లకు 10 శాతం లెక్క. మొఖం మాడి నల్లగ అయి వస్తరు, మనోళ్లు కొండ మీద నీళ్లు పడలేదు అనుకుంటరు.

తిండి ఎట్ల? మావోళ్లకు జొన్న రొట్టె లేకపోతే నడవదు.

ఇడ్లీ, దోశె, పొంగల్, అన్నం సాంబారు ఎక్కడైనా దొరుకుతయి. కారం మాత్రం మనకు సరిపోదు. కడక్ జొన్న రొట్టెలు, పల్లీల పొడి, నిమ్మకాయ తొక్కు పెట్టుకొని పోతే నాలుగు రోజులు బేఫికర్. సరస్సు ఒడ్డు మీద బజ్జీలు, మొక్కజొన్న కంకులు, మామిడికాయ ముక్కల మీద కారం చల్లి ఇస్తరు, చలికి అవి తింటుంటే మంచిగుంటది గని నడక మధ్యల నూనె వస్తువులు పెద్దోళ్లకు పెట్టకండి. తెచ్చుకునేదుంటే కొండ ఎల్లిపాయ తెచ్చుకోండి, కొడైకెనాల్ మలై పూండు అని 2019ల జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు ప్రత్యేకం అని ఇచ్చే ముద్ర) వచ్చింది, ఘాటు ఎక్కువ, తొక్కుకు మంచిగుంటది.

బాత్రూంలు ఉన్నయా?

బోట్ హౌస్ దగ్గర, బ్రయంట్ పార్కు దిక్కు. అవతలి ఒడ్డుకు నమ్ముకొని పోకండి. చలికి మాటిమాటికి వస్తది, అందుకే మొదలు పెట్టే ముందు ఒకసారి పోయి రమ్మనండి, "నాకు వస్తలేదు" అన్నా సరే.

సరస్సు కాకుండ పెద్దోళ్లకు వీలైనయి ఇంకేమున్నయి?

బ్రయంట్ పార్కు సరస్సు పక్కనే, పూల తోట, కూసోనీకె జాగ ఉంది. కోకర్స్ వాక్ అని కొండ అంచు పట్టుకొని సుమారు ఒక కిలోమీటరు దారి ఉంది, 1872ల కోకర్ అనే ఇంజినీరు ఏసిండు, రెయిలింగ్ ఉంటది, కింద మైదానమంతా కనపడతది. కొంచెం వాలు ఉంటది, వీల్‌చైర్ తోటి అయితే ఇద్దరు ఉండాలె, మబ్బు రాకముందే పోవాలె. కురింజి ఆండవర్ (మురుగన్) గుడికి కారు దాదాపు దగ్గరి దాక పోతది. కురింజి పూలు అంటరా, 12 ఏండ్లకు ఒకసారి పూస్తయి, 2018ల పూసినయి, మళ్ల 2030లనే. రోడ్డు పక్కన ఎవడన్న ఇప్పుడే పూసింది అని ఏదో నీలం పువ్వు చూపిస్తే నవ్వి ఊకోండి.

ఇంత దూరం ఎందుకు, మన దిక్కు లేవా ఇట్లాంటియి?

ఉన్నయి, నడిచే దారి లేదు. దేవరకద్ర దిక్కు కోయిల్‌సాగర్ ఎంత అందంగ ఉంటది, రెండు గుట్టల నడుమ పెద్దవాగుకు అడ్డంగ నిజాం కాలంల 1945-48ల కట్టిన్రు, నిండితే చూడనీకె రెండు కండ్లు చాలవు. సోమశిల కాడ కృష్ణ నీళ్లు నల్లమల గుట్టల సందుల నిలబడి ఉంటయి. గని మోకాళ్ల నొప్పులున్న అవ్వ నీళ్ల పక్కన ఒక కిలోమీటరు చదునుగ నడిచి, బెంచీ మీద కూసొని, చాయ్ తాగి రావాలంటే ఈ రెండింట్ల ఏడ వీలైతది చెప్పండి. కొడైల ఉన్నది గొప్ప ఇంజినీరింగ్ ఏం కాదు, నీళ్ల అంచుకు ఒక చదును రోడ్డు, ఒక రెయిలింగ్, అక్కడక్కడ బెంచీలు. కోయిల్‌సాగర్‌కు అది చేస్తే మేము 950 కిలోమీటర్లు పోతమా.

పోయే ముందు ఇంటి కాడ ఏమన్న అలవాటు చేసుకోవాలనా?

నెల ముందు నుంచి రోజూ నడిపియ్యండి. మహబూబ్‌నగరోళ్లకు పెద్దచెరువు కట్ట ఉంది, నల్లగొండోళ్లకు పానగల్లు ఉదయసముద్రం కట్ట ఉంది. మొదట్ల పది నిమిషాలు, తర్వాత పావుగంట, పోయే నాటికి ఆగుకుంట ఆగుకుంట అయినా నలభై నిమిషాలు నడిస్తే సాలు. కొత్త బూట్లు కొండ మీద మొదటిసారి ఏసుకోవద్దు, ఆ నెల రోజులు ఇంటి కాడనే తొడిగి మెత్తపడనియ్యాలె.

ఫోన్ సిగ్నల్ వస్తదా?

ఊర్ల, సరస్సు చుట్టు వస్తది. ఘాట్ రోడ్డు మీద అక్కడక్కడ పోతది. అందరు ఒక్క కంపెనీ సిమ్ కాకుండ ఇద్దరు వేరే వేరేవి పెట్టుకోండి, పెద్దోళ్ల జేబుల రూం పేరు, మీ నంబర్ రాసిన చీటీ ఒకటి పెట్టండి, తమిళంల గాని ఇంగ్లీష్‌ల గాని. తెలుగుల రాస్తే ఆడ చదివేటోళ్లు దొరకరు.